అత్తమ్మకి సందెవేళ పిల్లలు కనబడుతున్నారు, నన్నేమో దొంగ అంటోంది. ఏం చేయాలి?

కావలి కోడలు | మే 12, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా అత్తమ్మకి 76 ఏళ్లు. రెండేళ్ల క్రితం నెల్లూరులో స్కానింగ్ తీసి డిమెన్షియా అన్నారు. మరుపుకి నేను అలవాటు పడిపోయాను. చెప్పిందే పదిసార్లు చెప్పడం, అన్నం తిని తినలేదనడం, అవన్నీ సరే.

మూడు వారాల నుంచి కొత్తగా రెండు మొదలయ్యాయి. పొద్దుగూకే వేళకి ట్రంకుపెట్టె మీద ఇద్దరు పిల్లలు కూర్చుని ఉంటారంట. ఒకడికి చొక్కా కూడా లేదంట. "పాపం ఆ బిడ్డలకి ఏమన్నా పెట్టు, అట్ట చూస్తా నిలబడ్డావేంది" అని నా మీద కేకలు. అక్కడ ఎవరూ లేరని నేను, ఉన్నారని ఆమె.

రెండోది బంగారు మురుగులు. నేను తీసి మా పుట్టింటికి పంపానంట. ఇల్లంతా వెతికితే నిన్న చింతపండు జాడీ అడుగున, పాత రవికగుడ్డలో చుట్టి దొరికాయి. సంతోషంగా తీసుకెళ్లి చూపిస్తే, "నేను అరిచానని తెచ్చి పెడతా ఉండావా" అంది. అప్పుడు పక్కింటావిడ కూడా అక్కడే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

హైదరాబాదులో ఉన్న మా వదినకి (మా ఆయన అక్క) రోజూ ఫోన్‌లో ఇదే చెబుతోంది. ఫోన్‌లో ఎంత చక్కగా మాట్లాడుతుందంటే, వినేవాళ్లకి జబ్బుందని అనిపించదు. "అమ్మ ఊరికే అంటుందా" అంది వదిన నిన్న. పద్నాలుగేళ్లు చేశాను ఈమెకి.

చుట్టాల్లో ఒకరు కసుమూరు దర్గాకి తీసుకెళ్లమంటున్నారు, ఇంకొకరు గొలగమూడి వెంకయ్యస్వామి గుడిలో నిద్ర చేయించమంటున్నారు. మా ఆయన వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. ఏం చేయాలో ఎవరన్నా చెప్పండి.

బుచ్చి కుర్రాడు | మే 12, రాత్రి 11:41

అక్కా, మా జేజి కూడా ఇంతే. మా అమ్మ మీదే పడింది, పాల డబ్బులు కొట్టేసిందని. అసలు మురుగులు ముందు బ్యాంకు లాకర్లో పెట్టేయండి. అలాంటివే రోల్డ్‌గోల్డ్‌వి ఒక జత కొని ఆమె చేతికి ఇవ్వండి. మేము జేజికి పర్సులో చిల్లర నోట్లు వేసి ఇచ్చాం, రోజంతా లెక్కపెట్టుకుంటూ కూర్చునేది.

సిస్టరమ్మ ఒంగోలు | మే 13, ఉదయం 6:05

అమ్మా కావలి కోడలూ, మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా ముందు కంట్లో పడింది పిల్లలూ కాదు, మురుగులూ కాదు. "మూడు వారాల నుంచి" అన్న మాట.

ఈ జబ్బు మామూలుగా నెలల మీద, ఏళ్ల మీద ముదురుతుంది. రోజుల్లో, వారాల్లో మనిషి ఒక్కసారిగా మారిపోయిందంటే ఒంట్లో ఇంకేదో జరుగుతోందేమో చూడాలి. దాన్ని డెలీరియం అంటారు. నేను 31 ఏళ్లు వార్డుల్లో చేశాను. పెద్దవాళ్లకి మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే జ్వరమో మంటో ఉండాలని లేదు, మాట తేడాగా వస్తుంది, అంతే. నాలుగు రోజులు విరేచనం కాకపోయినా ఇంతే. పైగా ఇప్పుడు ఎండలు. బీపీ ఉందని చప్పిడి కూడు పెడుతూ, నీరు పోయే మాత్ర కూడా వాడుతుంటే ఒంట్లో సోడియం పడిపోతుంది. సోడియం పడిపోయిన ఒక పెద్దాయన దుప్పటి మీద లేని చీమల్ని ఒక్కొక్కటిగా ఏరి గ్లాసులో వేస్తూ కూర్చోవడం నా కళ్లతో చూశాను. సెలైన్ ఎక్కించి సరిచేశాక రెండు రోజులకి, గ్లాసు ఇక్కడెందుకు పెట్టారని ఆయనే అడిగాడు.

అందుకని రేపటిదాకా ఆగకుండా మూత్ర పరీక్ష, సోడియం, షుగర్, మామూలు రక్త పరీక్ష చేయించండి. ఈ నెలలో కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టినా ఆ చీటీ డాక్టరుకి చూపించండి.

ఇంకో రెండు. కళ్లలో శుక్లాలు ఉన్నాయా? చూపు తగ్గినవాళ్లకి మెదడు తనే బొమ్మలు గీసి చూపిస్తుంది. మతి బాగున్నవాళ్లకి కూడా ఇలా వస్తుంది. షార్ల్ బొనే అనే ఆయన తన తాతకి ఇలా కనబడేదని 1760లోనే రాశాడు. రెండోది, ఈ సాయంత్రం ఆరున్నరకి ఆమె మంచం మీద, ఆమె తల పెట్టే చోటే మీరు తల పెట్టి ఆ ట్రంకుపెట్టె వైపు చూడండి. ఏం కనబడిందో ఇక్కడ రాయండి.

ఆత్మకూరు మెడికల్స్ | మే 13, ఉదయం 9:30

సిస్టర్ గారు చెప్పిన మాత్రల మాట పట్టించుకోండి మేడమ్. షాపులో రోజూ చూస్తుంటాను. జలుబుకి క్లోర్‌ఫెనిరమిన్, దురదకి ఫెనిరమిన్, నిద్రకి అమిట్రిప్టిలిన్, చేతులు వణుకుతున్నాయని ట్రైహెక్సిఫెనిడిల్. అన్నీ చిన్న మాత్రలే, కానీ డిమెన్షియా ఉన్నవాళ్లకి మతి ఇంకా చెదరగొడతాయి. చాలామంది చీటీ లేకుండానే వచ్చి అడుగుతారు. అయితే ఎప్పటి నుంచో వాడుతున్నవి మీ అంతట మీరు టక్కున ఆపకండి. డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు గుమ్మరించండి.

ఉదయగిరి వాసి | మే 13, మధ్యాహ్నం 1:15

అన్నీ టెస్టులేనా? మా మేనత్త కసుమూరులో మూడు రాత్రులు ఉండి వచ్చాక నెమ్మదించింది. నమ్మకం ఉన్నవాళ్లని ఆపకండి.

సిస్టరమ్మ ఒంగోలు | మే 13, మధ్యాహ్నం 2:02

ఆపడం లేదు బాబూ. ఆమెకి అక్కడ మనశ్శాంతి ఉంటే తీసుకెళ్లండి, కానీ పరీక్షలయ్యాక వెళ్లండి. మే నెలలో జనం మధ్య, తెలియని చోట, రాత్రి నిద్ర లేకుండా ఉంటే బాగున్న ముసలివాళ్లకే తల తిరుగుతుంది. అంతవరకే నేను చెప్పేది.

పొదిలి రైతుబిడ్డ | మే 13, రాత్రి 9:48

మా నాన్న సంగతి రాస్తాను, కొంచెం పెద్దది.

నాన్న నలభై ఏళ్లు పొగాకు వేశాడు. బ్యారన్ (పచ్చాకుని వేడితో ఆరబెట్టే కొట్టు) కాల్చే రోజుల్లో రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు, గంటకోసారి లేచి లోపల వేడి చూసుకోవాలి. ఎక్కువైతే ఆకు అంటుకుంటుంది, ఒక్కసారి అంటుకుందా, ఏడాది కష్టం బూడిద. జబ్బు చేసిన మూడో ఏట, రాత్రి రెండు గంటలకి లేచి "బ్యారన్ తగలబడతా ఉందిరా" అని తలుపులు బాదడం మొదలుపెట్టాడు. పొగ వాసన కూడా వస్తోందనేవాడు.

బ్యారన్ అమ్మేసి అప్పటికి పదకొండేళ్లు. మొదట్లో నేను అదే చెప్పాను. "అమ్మేశాం నాన్నా, మనకి బ్యారన్ లేదు" అని. ఆయన మంచం మీద కూలబడి ఏడ్చాడు, నాకు చెప్పకుండా అమ్మేశారా అని. మర్నాడు రాత్రి మళ్లీ అదే. మళ్లీ చెప్పాను, మళ్లీ ఏడ్చాడు. నేను నిజం చెప్పిన ప్రతిసారీ ఆయనకి ఆ బ్యారన్ కొత్తగా పోతోందని అర్థం కావడానికి నాకు నెల పట్టింది.

తర్వాత ఒక రాత్రి ఏమీ వాదించకుండా టార్చి తీసుకుని బయటికి వెళ్లాను. చలి. పెరట్లో చెట్టు కింద రెండు నిమిషాలు నిలబడి వచ్చి, "చూసొచ్చా నాన్నా, వేడి సరిగ్గా ఉంది, పుల్ల తగ్గించమని చెప్పా" అన్నాను. "ఆకు రంగు తిరిగిందా?" అన్నాడు. "తిరిగింది, నిమ్మపండు మాదిరిగా ఉంది" అన్నాను. పడుకున్నాడు. అట్లా ఏడాదిన్నర నడిచింది. ఆయన పోయాక కూడా కొన్నాళ్లు నాకు రెండు గంటలకి మెలకువ వచ్చేది.

వేదాయపాళెం రావు | మే 13, రాత్రి 10:30

కథ బాగుంది గానీ ఇది కన్నతండ్రితో అబద్ధమాడటం కాదా? ఈ రోజు బ్యారన్ ఉందన్నారు, రేపు దొంగ ఉన్నాడంటే దొంగ కూడా ఉన్నాడంటారా? నాకెందుకో ఇది సరైంది కాదనిపిస్తోంది.

బుచ్చి కుర్రాడు | మే 13, రాత్రి 10:44

రావు గారి మాటలో కొంచెం నిజం ఉంది. జేజి "గోడ దూకి దొంగోడు వచ్చాడు" అంటే నేను కర్ర తీసుకుని బయటికెళ్లి "కొట్టి తరిమేశా జేజీ" అని గొప్పలు పోయాను. అంతే, ఆ రోజు నుంచి దొంగ ఉన్నాడని ఖాయమైపోయింది. రోజూ తరమాలి. తర్వాత ముగ్గురు దొంగలయ్యారు.

సిస్టరమ్మ ఒంగోలు | మే 14, ఉదయం 5:50

రెండూ నిజమే. పొదిలి అబ్బాయి ఆరిపోయేలా చెప్పాడు, మా బుచ్చి పిల్లాడు రాజేసేలా చెప్పాడు, తేడా అక్కడుంది. భయపెట్టేదాన్ని మనం కూడా చూశామని ఒప్పుకుంటే ఆ భయానికి సాక్షి దొరికినట్టే.

వార్డులో నేను ఉన్నారనీ అనను, లేరనీ అనను. "నాకు కనబడలేదమ్మా, కానీ మీకు భయంగా ఉందని తెలుస్తోంది. నేను ఇక్కడే ఉంటాను, లైటు వేస్తాను" అంటాను. అది అబద్ధం కాదు. చేయి పట్టుకుని ఆ గదిలోంచి బయటికి తీసుకొచ్చి కాసిని మంచినీళ్లు ఇస్తే సగంసార్లు అక్కడితో అయిపోతుంది. భయం లేకుండా హాయిగా కనబడేవాటిని తరిమేయాల్సిన అవసరమే లేదు.

దొంగతనం మాటకి వస్తే, ఆమె వైపు నుంచి చూడండి. మురుగులు దాచింది, దాచిన సంగతి మర్చిపోయింది. ఇప్పుడు చేతికి లేవు. ఆమె లెక్కలో మిగిలింది ఒకటే, ఎవరో తీశారు. ఇంట్లో రోజంతా ఉండేదెవరు? మీరు. ఎవరు ఎక్కువ చేస్తే వాళ్ల మీదే నింద పడుతుంది, ఇది నేను వందల ఇళ్లలో చూశాను. మీరు దొరికించి తెచ్చి చూపించకండి, "రండి అత్తమ్మా, కలిసి వెతుకుదాం" అని ఆమె చెయ్యే జాడీలో పడేలా చూడండి. తను దాచే చోట్లు నాలుగైదే ఉంటాయి, అవి గుర్తుపెట్టుకోండి. చెత్తబుట్ట ఖాళీ చేసే ముందు కూడా ఒకసారి చూడండి.

కనిగిరి మాస్టారు | మే 14, ఉదయం 10:15

అమ్మాయ్, నాకు 74. తెలుగు పండితుడిగా రిటైరయ్యాను. నువ్వు దొంగవయ్యావు, నేనైతే నేనే కాకుండా పోయాను.

మా ఆవిడకి జబ్బు చేసి ఐదేళ్లు. కిందటేడు ఒక రాత్రి నన్ను ఎగాదిగా చూసి, "ఎవరయ్యా నువ్వు? మా ఆయన వచ్చే వేళయింది, బయటికి నడు" అంది. నవ్వులాట అనుకున్నాను. ఆమె చేతిలో చీపురు ఉంది. పెళ్లి ఫొటో చూపించాను, రేషన్ కార్డు చూపించాను. "ఆయన మొహం తగిలించుకొచ్చావు" అంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఏం చేయాలో తోచక, బడి నుంచి వచ్చినప్పుడు ఎలా పిలిచేవాణ్ణో అలాగే గేటు దగ్గర నుంచి "ఏమే, కాసిని మంచినీళ్లు" అని కేకేశాను. లోపలి నుంచి "వస్తన్నా, చెప్పులు బయటే విడిచి రండి" అని వినబడింది. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఇంతసేపు ఎవడో వచ్చి కూర్చున్నాడండీ ఇంట్లో" అని ఫిర్యాదు కూడా చేసింది.

ఒంగోలులో డాక్టరు చెప్పాడు, దీన్ని కాప్‌గ్రా అంటారట, 1923లో ఫ్రాన్స్‌లో ఆ పేరుగల వైద్యుడు రాశాడట. మొహం పోలిక తెలుస్తుంది గానీ ఆ మొహం చూస్తే కలగాల్సిన దగ్గరితనం కలగదు, అందుకని వేషగాడు అనుకుంటుందని వివరించాడు. గొంతు దారి వేరే. అందుకే ఇప్పుడు నేను గదిలోకి పోయేముందే మాట్లాడుతూ పోతాను. గడప దాటకముందే గొంతు లోపలికి చేరాలి.

బీరువా అద్దానికి పాత చీర కప్పేశాను, అందులో ఒక ముసలామె వచ్చి చూస్తోందని ఏడ్చేది. టీవీలో వార్తలు చదివే అబ్బాయి ఎదుట చీర మార్చుకోదు, ఆ సమయానికి టీవీ కట్టేస్తాను. రావు గారూ, ముప్ఫయ్యారేళ్లు పిల్లలకి సత్యవ్రతం పాఠం చెప్పాను. నాకూ మీకున్న బాధే ఉంది, కానీ ఆ చీపురు ఎదుట నిలబడ్డప్పుడు హరిశ్చంద్రుడు గుర్తుకు రాడు.

వేదాయపాళెం రావు | మే 14, ఉదయం 11:00

నమస్కారం మాస్టారూ. ఇంక నేను మాట్లాడను.

మూలాపేట అమ్మాయి | మే 14, మధ్యాహ్నం 3:20

అడగడానికి సిగ్గుగా ఉంది. మా అమ్మకి 70. నాన్నకి 78, మోకాళ్ల నొప్పులతో లేవలేడు. ఆయనకీ పనిమనిషికీ సంబంధం అంటగట్టి వీధిలోకి వచ్చి తిడుతోంది. ఇది కూడా జబ్బేనా?

సిస్టరమ్మ ఒంగోలు | మే 14, మధ్యాహ్నం 3:55

ఇందులో సిగ్గుపడేదేమీ లేదు తల్లీ. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అల్జీమర్ డాక్టరు దగ్గరికి తెచ్చిన మొదటి పేషెంటు, ఆగస్తె డీటర్ అనే 51 ఏళ్ల ఆమె. ఇంట్లోవాళ్లు ఆమెలో మొదట గమనించిన మార్పు భర్త మీద అనుమానమే. జబ్బు పేరు పుట్టింది ఆమెతోనే. మీ అమ్మని డాక్టరుకి చూపించండి, పనిమనిషికి విషయం చెప్పి పెట్టండి, వీలైతే ఆ మనిషి పనికి వచ్చే వేళ మార్చండి. నాన్న అమ్మతో వాదించకూడదు. పక్కన కూర్చుని "నిన్ను వదిలి నేనెక్కడికి పోతానే" అంటే చాలు.

కావలి కోడలు | మే 15, సాయంత్రం 7:30

అందరికీ దండాలు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది, సోడియం కూడా తక్కువ ఉంది. ఒక రోజు ఉంచుకుని సెలైన్ పెట్టారు. యాంటీబయాటిక్ మొదలైంది, నీరు పోయే మాత్ర మార్చారు. రెండు కళ్లలో శుక్లాలు, కుడికన్ను బాగా ముదిరిందంట.

సిస్టర్ గారూ, మీరు చెప్పినట్టు ఆమె మంచం మీద తల పెట్టి చూశాను. నాకే ఒళ్లు జలదరించింది. ట్రంకుపెట్టె మీద నేను రెండు దిండ్లు నిలబెట్టి ఉంచుతాను. కిటికీలోంచి వీధిలైటు పడి అవి భుజాలూ తలా ఉన్నట్టే ఉన్నాయి. ఒక దిండుకి గలీబు ఉతకడానికి తీశాను. చొక్కా లేని పిల్లాడు వాడే.

దిండ్లు తీసేశాను, పొద్దు వాలకముందే ట్యూబులైటు వేస్తున్నాను. జీరో బల్బు పీకేశాను, దాంతో నీడలు ఇంకా ఎక్కువ.

సింగరాయకొండ సాయి | మే 16, ఉదయం 8:10

మా నాన్నకి కూడా కనబడతాయి, కానీ దిండ్లు కాదు. పట్టపగలే పిల్లిపిల్లలు, చిన్న మనుషులు, స్పష్టంగా. ఆయన భయపడడు, లెక్క చెబుతాడు. ఒక రోజు బాగుంటాడు, ఒక రోజు శూన్యంలోకి చూస్తూ ఉంటాడు. నడక బిగుసుకుంది. నిద్రలో కాళ్లు విసరడం అయితే పదేళ్ల నుంచి ఉంది. గొడవ చేస్తున్నాడని ఒక చోట ఇంజెక్షన్ చేశారు. మూడు రోజులు కర్రలా బిగుసుకుపోయాడు, మింగలేకపోయాడు.

సిస్టరమ్మ ఒంగోలు | మే 16, ఉదయం 8:40

సాయీ, ఇవన్నీ కలిపి న్యూరాలజిస్టుకి చెప్పండి, "లెవీ బాడీ డిమెన్షియా ఏమో చూడండి" అని నోరు తెరిచి అడగండి. ఈ రకంలో కళ్లకి కనబడటం మొదటి నుంచే ఉంటుంది. గొడవ తగ్గాలని ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు వీళ్లకి అస్సలు పడవు, ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఇంజెక్షన్ పేరు చీటీలో చూసి, అది పడలేదని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫైలు మొదటి పేజీకి అంటించండి. రాత్రిపూట ఎమర్జెన్సీకి వెళ్తే అదే కాపాడుతుంది. రివాస్టిగ్మిన్ అనే వేరే మందు చాలామందికి ఈ కనబడటాన్ని తగ్గిస్తుంది, మీ నాన్నకి సరిపోతుందేమో అడగండి.

అసలు డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకి హాలోపెరిడాల్ రకం మందులన్నిటితోనూ మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్తవాటికి, 2008లో పాతవాటికి హెచ్చరిక పెట్టించింది. అసలు వాడొద్దని కాదు. తననో పక్కవాళ్లనో కొట్టేంతవరకు వస్తే కొద్ది డోసులో, కొద్ది రోజులు వాడాల్సి రావచ్చు. ఎప్పుడు ఆపుతారో మొదలుపెట్టిన రోజే అడగండి.

అడ్మిన్ | మే 16, ఉదయం 9:00

మందుల పేర్లు సరే, మిల్లీగ్రాములు మాత్రం ఇక్కడ రాయకండి. మొన్న ఒకరు వేరే చర్చలో రాసింది చూసి ఇంకొకరు కొనుక్కున్నారు.

పొదిలి రైతుబిడ్డ | మే 16, రాత్రి 8:25

ఒకటి మర్చిపోయాను. నాన్న ఒక దశలో కొడవలి దిండు కింద పెట్టుకునేవాడు. పడుకున్నప్పుడు తీసేసి, కొడవలి, గొడ్డలి, పురుగుమందు డబ్బాలు అన్నీ బాబాయి ఇంటికి పంపాను. కోపంగా ఉన్నప్పుడు చేతిలోంచి లాక్కోవద్దు. వెనక్కి జరిగి, తలుపు మన వైపు ఉండేలా నిలబడాలి. చేయి దాటిపోతే 108. నాకు తెల్లవారుజామున ఎవరితోనైనా మాట్లాడాలనిపించినప్పుడు 14416 కి చేసేవాణ్ణి, టెలి మానస్ అని మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోన్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు. నాకు మందేమీ ఇవ్వలేదు, ఇరవై నిమిషాలు విన్నారు.

కావలి కోడలు | మే 27, రాత్రి 10:50

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అరుపులు బాగా తగ్గాయి, రాత్రి నిద్రపోతోంది. చొక్కా లేని పిల్లాడు రావడం లేదు. రెండోవాడు మాత్రం వారానికి రెండుమూడు సార్లు వస్తున్నాడు, దిండు లేకపోయినా. ఆమె భయపడదు కాబట్టి నేనూ ఏమీ అనడం లేదు.

దొంగతనం మాత్రం పోలేదు. ఇప్పుడు మురుగులు కాదు, పెన్షన్ డబ్బులు.

అసలు రాయాలనుకుంది వదిన గురించి. ఎవరినీ నిష్ఠూరమాడకుండా, "వదినా, ఎండాకాలం సెలవులే కదా, నాలుగు రోజులు వచ్చి అమ్మ దగ్గర ఉండండి, నేను మా అమ్మావాళ్లింటికి పోయొస్తా" అని పిలిచాను. వచ్చింది. మొదటి రోజు, రెండో రోజు తల్లీకూతుళ్లు ఒకటే కబుర్లు. నాకు ఫోన్ చేసి "బాగానే ఉంది కదా" అంది. నేను ఏమీ అనలేదు.

మూడో రోజు పొద్దున్నే అత్తమ్మ వదిన హ్యాండ్‌బ్యాగ్ నేల మీద గుమ్మరించి, "నా పెన్షన్ తీసుకుపోవడానికే వచ్చావు నువ్వు, నా కోడలు ఉంటే పడనిచ్చేది కాదు" అందంట. నేను సాయంత్రానికి తిరిగొచ్చేసరికి వదిన వంటింట్లో కిందే కూర్చుని ఉంది. ముందున్న కాఫీ మీద తొరక కట్టింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లాడికి రోజూ ఏం పెడతావు?" అని అడిగింది.

బొరుగులు, అన్నాను. చిన్న గిన్నెలో కాసిని. పొద్దున కాకులకి వేస్తాను.

ఇవాళ గిన్నె తనే పెట్టింది. కుడికంటి ఆపరేషన్‌కి కూడా ఉండి వెళ్తానంది. సిస్టర్ గారూ, ఆపరేషన్ తర్వాత చుక్కల మందు వారాల తరబడి వేయాలన్నారు. ఈమె మీద చేయి వేస్తే విషం పోస్తున్నామంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా వేయాలి?

సిస్టరమ్మ ఒంగోలు | మే 28, ఉదయం 5:40

ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. రోజుకి మూడుసార్లు, అదే కుర్చీలో, అదే వేళకి, చల్లటి తడిగుడ్డతో కళ్లు తుడవండి. మందు వచ్చేనాటికి అది అలవాటైపోయి ఉంటుంది. కంటికి కట్టిన గంత రాత్రిపూట పీకేస్తుంది, అందుకని మొదటి రెండు రాత్రులు ఒకరు పక్కనే పడుకోండి. కంటి డాక్టరుకి జబ్బు సంగతి ముందే చెప్పండి, మత్తు ఎలా ఇవ్వాలో వాళ్లు చూసుకుంటారు.

కనిగిరి మాస్టారు | మే 28, ఉదయం 7:12

చుక్కలు వేసేముందు పేరు పెట్టి పిలువమ్మా, వెనక నుంచి వెళ్లకు.